తాళంచెవుల సంచిలో బ్యాటరీలు

పది గంటలకు అగ్నిమాపక తనిఖీ అధికారి వస్తాడు. ఆలోగా ఏడంతస్తుల భవనంలో బ్యాటరీ అన్నది లేకుండా ఏరేయాలి. ఆ ఉదయం ఇంటి యజమానురాలు మై ఫెంగ్‌లాన్ వేసుకున్న పథకం ఇంతే. ఫ్యాక్టరీల పేట షాజింగ్‌లో ఇళ్ళు ఎంత ఇరుకంటే, ఒక గదిలో పొగ వస్తే ఎదురింటివాళ్ళు ముందు దగ్గుతారు. అందుకే గదుల్లో బ్యాటరీలు చార్జింగ్ పెట్టకూడదని నియమం ఉంది. పెడుతూ దొరికితే భవనానికి సీలు వేస్తారు, నలభై మూడు గదులవాళ్ళూ మూటాముల్లెతో వీధిన పడతారు. అసలు బ్యాటరీయే ఉండకూడదన్నది మాత్రం ఆవిడ సొంత చేర్పు. బ్యాటరీల గురించి ఆవిడకు ఏమీ తెలియదు. తెలియదన్న సంగతి అంతకన్నా తెలియదు.

ఆవిడ నడుముకు ఎప్పుడూ ఒక తోలు సంచి వేలాడుతుంటుంది. అందులో నలభై మూడు గదుల తాళంచెవులు. ఆవిడ మెట్లెక్కుతుంటే ఆ గలగలకు తప్పు చేసినవాళ్ళూ చేయనివాళ్ళూ కూడా గది సర్దుకుంటారు. సిగరెట్లు మానడానికి ఆవిడ ఈమధ్య వేప్, అదే బ్యాటరీతో నడిచే సిగరెట్టు, పట్టింది. దానికి వేసే అదనపు బ్యాటరీ కూడా ఆ సంచిలోనే పడి ఉంటుంది. దాని మీద ఎంత చార్జి పడుతుందో చెబుతూ బంగారు రంగులో 9900 అని పెద్ద అంకె.

ఆ అంకె చూస్తే ఆరో అంతస్తులో ఉండే నింగ్ షువాంగ్‌కు ఒళ్ళు మండుతుంది. నింగ్ వేప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఐదేళ్ళుగా బ్యాటరీలు పరీక్షిస్తోంది. నోరు ఊరుకోక ఒకసారి చెప్పింది కూడా.

"పిన్నిగారూ, ఈ సైజులో మహా అయితే నాలుగు వేల చార్జి పడుతుంది. చెంబులో బిందెడు నీళ్ళున్నాయంటే నమ్ముతారా? పైగా దీని తొక్క చిరిగింది."

"పెద్ద అంకె దొరుకుతుంటే చిన్నది కొనేవాళ్ళు ఉంటారా? తొక్కదేముంది, టేపు వేస్తే పోతుంది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. టేపు కూడా వేయలేదు.

ఎనిమిదిన్నరకు ఆవిడ తిన్నగా నింగ్ తలుపే కొట్టింది. బల్ల మీద ప్లాస్టిక్ డబ్బా, అందులో నింగ్ సొంత వేప్ బ్యాటరీలు నాలుగు, ఒక్కోదాని మీద కొన్న తేదీ, జత నంబరు. జతగా కొన్నవి జతగానే వాడాలన్నది నింగ్ పట్టుదల. ఫెంగ్‌లాన్ డబ్బా మూత తీసి, నాలుగింటినీ తన సంచిలోకి వంపుకుని, ఖాళీ డబ్బాను మర్యాదగా తిరిగి బల్ల మీద పెట్టింది.

"డబ్బా వదిలేస్తున్నారేంటి?"

"డబ్బా అంటుకుంటుందా ఏంటి?"

"తాళంచెవులతో కలపకండి పిన్నిగారూ. ఇనుము రెండు కొసలకీ తగిలితే కాలిపోతుంది. నేను చార్జింగ్ ఫ్యాక్టరీలోనే పెట్టుకుంటాను. ఇక్కడ ఉన్నవి ఊరికే ఉన్నాయి. పట్టుకెళ్ళాలంటే డబ్బాతో పట్టుకెళ్ళండి."

"ముప్పై ఏళ్ళుగా ఈ తాళంచెవులు నా నడుముకే ఉన్నాయి. ఒక్కరోజైనా కాలాయా? ఇంకొక్క మాట మాట్లాడావంటే సాయంత్రానికి గది ఖాళీ చెయ్యాల్సుంటుంది."

రెండేళ్ళలో నింగ్‌కు అది నాలుగో గది. ఫ్యాక్టరీ గేటుకు ఐదు నిమిషాల దూరం, కిటికీలోంచి చేతివెడల్పు ఆకాశం. దాన్ని పోగొట్టుకోవాలని ఆమెకేమీ సరదా లేదు. బుద్ధి ఉన్నవాళ్ళైతే నోరు మూసుకునేవారు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి.

"చేయిస్తే చేయించండి," అంది నింగ్. "ఆ సంచి కింద పెట్టేదాకా నేను మీ వెనకే ఉంటాను."

అన్నట్టే దిగింది. ఒక చేతిలో ఖాళీ డబ్బా, ఇంకో చేతిలో మెట్ల మూల నుంచి లాగిన ఎర్రటి ఇసుక బకెట్టు. అంతస్తంతస్తుకీ ఫెంగ్‌లాన్ ఆగి, తలుపు కొట్టి, "నా వెంట పడకు," అనేది. నింగ్ బకెట్టు కింద పెట్టి, "డబ్బాలో వెయ్యండి," అనేది. గలగల విని అందరూ ముందే సర్దేసుకున్నారు, ఇంకే గదిలోనూ బ్యాటరీ దొరకలేదు.

నాలుగో అంతస్తులో నూడుల్స్ తింటున్న ఒకావిడ ఇది చూసింది. యజమానురాలు తలుపులు కొడుతోంది, వెనక ఇసుక బకెట్టు వస్తోంది. అంటే అగ్నిప్రమాదం డ్రిల్లే. పోయినసారి డ్రిల్లుకు రానివాళ్ళను ఫెంగ్‌లాన్ వారం రోజులు ఎక్కడ కనబడితే అక్కడ కడిగేసింది. ఆవిడ నూడుల్స్ వదిలేసి, తడి తువ్వాలు ముక్కుకు అడ్డంపెట్టుకుని, "డ్రిల్లంట, డ్రిల్లంట" అనుకుంటూ దిగింది. ఆవిడను చూసి మూడో అంతస్తు, వాళ్ళను చూసి రెండోది కదిలాయి. రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకున్నవాళ్ళు కూడా దుప్పటి చుట్టుకుని నడిచివచ్చారు. ఫెంగ్‌లాన్ వాకిట్లోకి వచ్చేసరికి వెనక నలభైమంది తడి తువ్వాళ్ళతో వరసగా నిలబడి ఉన్నారు.

"మిమ్మల్నెవరు రమ్మన్నారు?" అని ఆవిడ అడగబోతుండగానే తనిఖీ అధికారి పాంగ్ గేట్లో అడుగుపెట్టాడు, పది నిమిషాలు ముందుగా.

"ఏడేళ్ళుగా తిరుగుతున్నానండి," అన్నాడాయన ఆనందంగా. "అడగకుండా డ్రిల్లు చేసే ఇల్లు ఇప్పుడే చూస్తున్నా."

"మా ఇంట్లో ఎప్పుడూ ఇంతే," అంది ఫెంగ్‌లాన్, కన్నైనా ఆర్పకుండా.

నింగ్ ముందుకొచ్చింది. "ఇది డ్రిల్లు కాదు సార్. ఆవిడ సంచిలో తాళంచెవులతో కలిపి ఐదు బ్యాటరీలున్నాయి. అవి ముందు తీయించండి."

"అంటే ప్రమాదం కూడా ముందే అనుకుని చేస్తున్నారన్నమాట. బాగుంది," అని పాంగ్ కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

ఫెంగ్‌లాన్ పళ్ళ మధ్య నుంచి, "సాయంత్రం దాకా ఎందుకే, ఇప్పుడే సామాను సర్దుకో," అంది.

"సర్దుకుంటా. సంచి తియ్యండి."

అప్పుడే సంచి మూతి నుంచి సన్నగా పొగ లేచింది.

"పొగ కూడానా?" అన్నాడు పాంగ్, రాస్తూ.

నడుము చురుక్కుమనేసరికి ఫెంగ్‌లాన్ ఎగిరి గంతేసింది. నింగ్ ఒక్క గుంజుతో బెల్టు ఊడదీసి, సంచిని వాకిలి మధ్య ఖాళీ జాగాలోకి విసిరింది. "పొగ పీల్చకండి, వెనక్కి జరగండి," అని జనాన్ని నెట్టింది. సంచి బుస్సుమని మూరెడు మంట కక్కింది. అది కాస్త తగ్గాక నింగ్ దూరం నుంచే బకెట్టెడు ఇసుకా దాని మీద కుమ్మరించింది. నలభైమందీ తువ్వాళ్ళు తీసి చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా పాంగ్ కొట్టాడు.

"సార్, అది నిజం మంట," అంది నింగ్.

"నిజంలాగే ఉందమ్మా. గొప్పతనం అక్కడే ఉంది."

పూర్తిగా చల్లారాక నింగ్ కర్రతో ఇసుక కదిపి చూసింది. పేలినది బంగారు అంకెదే. కాలిన తొక్క కింద ఇంకో పాత తొక్క బయటపడింది, ఎవరో పారేసిన బ్యాటరీకి కొత్త చొక్కా తొడిగి అమ్మారు. పక్కనున్నందుకు నింగ్ బ్యాటరీలు నాలుగూ నల్లబడ్డాయి. వాటిని ఇక వాడకూడదు. కొసలకు టేపు వేసి, పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చేయాలి. ఈ మాటలన్నీ ఆమె యజమానురాలికే చెప్పింది. ఫెంగ్‌లాన్ మాత్రం పాంగ్ చేతిలోంచి నూటికి నూరు మార్కుల కాగితం అందుకుంటోంది. దాంతోపాటు ఒక ఉత్తర్వు కూడా అందింది. మర్నాడు వీధిలోని పన్నెండు భవనాల్లో బ్యాటరీ జాగ్రత్తల గురించి ఆవిడే పాఠం చెప్పాలి.

సాయంత్రం నింగ్ రెండు సంచులు సర్దుకుని వాటి మీదే కూర్చుంది. గలగల లేకుండా ఫెంగ్‌లాన్ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎక్కడికే?"

"ఖాళీ చెయ్యమన్నారుగా."

"నేను లక్ష అంటాను. రేపు వాళ్ళకి ఏం చెప్పాలో అది చెప్పు."

"చెప్పను. ముందు ఈ గది నాదనండి. నా బ్యాటరీలు నా డబ్బాలో, నా బల్ల మీదే ఉంటాయనండి. మీ వేప్‌లో ఉన్న రెండో బంగారు అంకెది కూడా తీసి ఇలా ఇవ్వండి."

ఫెంగ్‌లాన్ కిటికీలోని చేతివెడల్పు ఆకాశాన్ని చూసింది. తర్వాత వేప్ తెరిచి బ్యాటరీ ఇచ్చింది. "నీదే లేవే గది," అని గొణిగి, కాగితం, కలం తీసి నేల మీద చతికిలబడింది.

మర్నాడు మొదటి భవనం వాకిట్లో జనం గుమికూడారు. నింగ్ షిఫ్టుకు వెళుతూ చివర్న ఆగింది. ఫెంగ్‌లాన్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గొంతు సవరించుకుంది.

"మా ఇంట్లో ఒక పిల్ల ఉంది. తాళంచెవులతో బ్యాటరీలు కలపకే అని ఎన్నిసార్లు మొత్తుకున్నా చెవికెక్కించుకోదు," అంది.