జి కింది గుండ్రం, నా చెంప సొట్ట

ఇందాకే చెల్లెలు ఫోన్ చేసింది. దానికి మా ఊరికే బదిలీ అయిందట, రేపు పొద్దున్నే దిగుతోందట. ఎగిరి గంతేసి మా ఆయనకు చెబితే, చేతిలోని బిస్కెట్ ప్యాకెట్ మీంచి కళ్లెత్తకుండా "బాస్కర్‌విల్ ఫాంటు" అన్నారు.

అందుకే చెబుతున్నాను, పెళ్లికాని అమ్మాయిలారా! చేసుకుంటే ఫాంట్ల పిచ్చి ఉన్నవాణ్నే చేసుకోండి.

మా ఆయన పుస్తకాలకు పేజీలు కట్టే డిజైనర్. సెరిఫ్ అంటే అక్షరాల కొసలకు ఉండే బుల్లి పాదాలని పెళ్లయిన రెండో రోజే నేర్పారు. అవి లేని అక్షరాలు ఆయనకు గిట్టవు. ఏ కొత్త పెళ్లికూతురికి దక్కింది ఈ భాగ్యం?

హోటల్‌కి వెళితే అందరి మొగుళ్లలా ఫోన్ చూడరు. మెనూ కార్డు చూస్తారు. తినడానికి కాదు.

"ఇది గారమండ్ అనుకున్నావు కదూ? ఇంగ్లీషు చిన్న జి చూడు. కింది గుండ్రం మూసుకోలేదు."

"అయ్యో పాపం. మనం ఏదైనా చెబుదామా?"

"ఎవరికి?"

"సర్వర్‌కి. మూడోసారి వచ్చాడు."

అప్పటికి నా ఆకలి చచ్చిపోతుంది. ఒళ్లు తగ్గడానికి ఇక జిమ్ములెందుకు?

మొన్న లిఫ్టులో బరువెక్కువైందని గంట ఒకటే మోత. ఆఖర్న ఎక్కింది ఈయనే. దిగమని జనం గొడవ చేస్తుంటే, హెచ్చరిక బోర్డులోని ఆర్ కాలు వంపు చూస్తూ నిలబడ్డారు. ఎంత ఏకాగ్రత!

వెంట్రుకవాసి తేడా పట్టే ఇలాంటి కళ్లకు కవలలొక లెక్కా? నేనూ చెల్లెలూ కవలలమని చెప్పలేదు కదూ మీకు?

పెళ్లి విందులో ఈయన నేననుకుని దానితో పావుగంట ప్రేమగా కబుర్లు చెప్పారు. పోన్లే, కొత్త అనుకున్నాను. పోయిన వారం అది మా ఇంట్లో మరిచిపోయిన చొక్కా వేసుకుని తలుపు తీశాను.

"ఏం మరదలా, ఎప్పుడొచ్చావు? మీ అక్కేది?" అంటూ నా భుజం మీంచి లోపలికి తొంగిచూశారు.

అచ్చు గుద్దినట్టుంటాం, ఒప్పుకుంటాను. కానీ నవ్వితే నా ఎడమ చెంపకు సొట్ట పడుతుంది, దానికి పడదు. జి కింద మూసుకోని గుండ్రం కనబడ్డ మనిషికి, ఆయన్ని చూసినప్పుడల్లా పడే ఈ సొట్ట ఎందుకు కనబడదండీ?

రేపు ఇద్దరం ఒకే రంగు బట్టలు వేసుకుని గుమ్మంలో నిలబడతాం. నవ్వుతూనే ఉంటాను. అంతకన్నా కఠినమైన పరీక్ష పెట్టడానికి మనసొప్పలేదు.

తప్పారో, మా ఇంటి ముందు పేర్ల బోర్డు రేపు సాయంత్రమే నేను చేయిస్తాను. ఒక్క అక్షరానికీ పాదాలుండవు.