తొంభై కిలోల దగ్గర ఆగిన ప్రభుత్వం

పుంటా సిలాక్ గ్రామ పురోభివృద్ధి తొంభై కిలోల దగ్గర ఆగిపోయినదని ఇందుమూలముగా తెలియజేయడమైనది.

మా గ్రామాధ్యక్షులు క్రిసాంతో బెలార్మినో గారిని కెప్టెన్ అన్న మాటను కుదించి ఊరంతా కాప్ అంటుంది. బెంచ్ మీద వెల్లకిలా పడుకుని, బరువులు తగిలించిన ఇనుప బార్‌ను రొమ్ముదాకా దించి తిరిగి ఎత్తే విద్యలో ఆయన రెండేళ్లుగా తొంభై దాటడం లేదు. తొంభై పెడితే లేస్తుంది. ఇంకో రెండున్నర చేరిస్తే బార్ దిగుతుంది, దిగిన చోటే కాపురం పెడుతుంది. పక్క ఊరి అధ్యక్షుడు వంద ఎత్తుతాడట. ఆ ఊరికి వంతెన కూడా ఉంది, మాకు లేదు. వంతెన సంగతి కాప్‌ను ఎన్నడూ బాధించలేదు.

గ్రామసభ కార్యదర్శిగా ఇవన్నీ నేను దగ్గరుండి చూసినవే.

మా జిమ్ బాస్కెట్‌బాల్ కోర్టు వెనక రేకుల షెడ్డు. యజమానురాలు పురితా గలియెగో. ఓడల తుక్కు ఇనుము కరిగించి ఆమె భర్త పోసిన ప్లేట్లతోనే ఊళ్లో మగవాళ్లు కండలు పెంచారు. ఆయన పోయాక పురితా అక్కే జిమ్ నడుపుతూ, గుమ్మం దగ్గర ఉడికించిన గుడ్లు అమ్ముతుంది. సలహాలు మాత్రం ఉచితంగా ఇస్తుంది, అందుకే ఎవరూ తీసుకోరు.

"ఒక వారం బెంచ్ జోలికి రాకు కాప్," అంది. "కంటినిండా నిద్రపో. తర్వాత డెబ్భైతో మొదలుపెట్టి నిదానంగా దించు, నిదానంగా ఎత్తు. కాస్త కాస్త పెంచుకుంటూ పో. తొంభై దానంతటదే దాటుతుంది."

"తగ్గించుకోమంటావా?" కాప్ రొమ్ము మీద చెయ్యి వేసుకున్నారు. "అక్కా, నేను మామూలు మనిషిని కాదు, ప్రభుత్వాన్ని. ప్రభుత్వం వెనక్కి తగ్గడం ఎక్కడైనా విన్నావా?"

"విన్లేదులే. గుడ్డు తిను."

సభ ఈ పరిస్థితిని తీవ్రంగా పరిగణించింది. బెంచ్ తల శ్మశానం వైపు ఉన్నదని గుర్తించి, సముద్రం వైపు తిప్పించింది. లారీల అదురుకు కాప్ ఏకాగ్రత చెదురుతున్నదని సాయంత్రాలు రోడ్డు మూయించింది. కాప్ బరువెత్తే వేళ ఎవరూ కరావోకే పాడరాదని ఉత్తర్వు వెలువడింది. మా ఊరివాళ్లకు అన్నం మానుకోమన్నా ఇంత కష్టం కాదు, అయినా సహకరించారు. కోళ్లూ గుడ్ల రూపంలో సహకరించాయి. తొంభై సహకరించలేదు.

అప్పుడు రోడెల్ మగ్బనువాను బెంచ్ వెనక నిలబెట్టారు. రోడెల్ మా గ్రామ కాపలాదారు, సన్నగా వెదురు గెడలా ఉండేవాడు. బార్ మీద పడకుండా కాప్‌ను కాచుకోవడం అతని విధి. మొదటిరోజు తొంభై రెండున్నర సగంలో ఆగి వణికింది. రోడెల్ భయపడి రెండు చేతుల చూపుడు వేళ్లూ బార్ కింద పెట్టాడు. బార్ లేచింది!

"నువ్వేమైనా పట్టుకున్నావా?" కాప్ లేచి కూర్చున్నారు.

"ఊరికే వేలు తగిలించా కాప్. ఎత్తింది మీరే. మొత్తం మీరే!"

రోడెల్ అబద్ధమాడాలని అన్నది కాదు. జిమ్‌లో అలా అనడం మర్యాద, పెళ్లిభోజనం బాగుందన్నట్టు. కానీ పెళ్లివారు ఆ మాట నమ్మి హోటల్ తెరవరు. కాప్ నమ్మారు.

ఆ తర్వాత ప్రగతికి అడ్డు లేకపోయింది. వంద దగ్గర రోడెల్ నాలుగేసి వేళ్లు పెట్టాడు. నూట పది దగ్గర అరచేతులు వేశాడు. నూట ఇరవై దగ్గర కాళ్లు ఎడంగా తన్నిపెట్టి, పళ్లు కొరికి, "మొత్తం మీరే కాప్!" అని మూలుగుతూ లాగాడు. కొన్నాళ్లకు రోడెల్ వీపు తలుపంత అయింది. యూనిఫారం చిరిగితే సభ కొత్తది మంజూరు చేసింది. కాప్ రొమ్ము యథాతథంగా ఉంది.

విజయ సూచకంగా కూడలిలో పెద్ద ఫ్లెక్సీ కట్టాం. ఫొటోలో రోడెల్ తల కత్తిరించగలిగాం గాని, బార్ కింద అతని వేళ్లు మిగిలిపోయాయి. ఆ వేళ్లెవరివని ఒక ముసలావిడ అడిగితే, అలంకారమని సభ తరఫున నేనే బదులిచ్చాను.

ఇంతలో తుఫాను వచ్చింది. రేవులో పడవలన్నిటికీ, ఒరిగిపోకుండా ఇరువైపులా కట్టే పక్క బొంగులు విరిగాయి. కొన్నిటికి అడుగులు పగిలాయి. జిల్లా నుంచి ప్లైవుడ్డు, వెదురు, ఇంజన్లు వచ్చి గ్రామ కార్యాలయంలో పడ్డాయి. పంచడానికి కాప్ సంతకం కావాలి. కాప్ రేవులో జాలర్లను సమావేశపరచి ప్రసంగించారు.

"సోదరులారా! నేను తొంభై దగ్గర ఆగిపోయినప్పుడు ఎవరి ముందైనా చెయ్యి చాచానా? నా రొమ్ము, నా చేతులు, నా పట్టుదల! నూట ఇరవైకి ఎదిగాను. సాయం మనిషిని బలహీనపరుస్తుంది. మిమ్మల్ని బలహీనపరిచే పాపం నేను చెయ్యలేను."

జాలర్లలో రోడెల్ అన్న అన్సెల్మో కూడా ఉన్నాడు. ఇంట్లో పిల్లలు నీళ్ల గంజి తాగుతున్నారు. ఆ సాయంత్రం జిమ్‌లో, నూట ఇరవై అయిదు రొమ్ము మీంచి లేస్తుండగా రోడెల్ నోరు తెరిచాడు.

"కాప్... మా అన్న పడవ... ఒక్క ప్లైవుడ్డు పలకైనా..."

"ముందు కౌంట్ చెప్పు!"

"మూడు... పిల్లలు పస్తులున్నారు కాప్."

"రోడెల్, నన్ను చూడు." కాప్ ముఖంలో చెమట చుక్కైనా లేదు. "నాకెవరు సాయం చేశారు?"

రోడెల్ మెడనరాలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి. బార్‌ను జాగ్రత్తగా కొక్కేల మీద పెట్టి, తన అరచేతుల వంక కాసేపు చూసుకున్నాడు. ఆ రోజు 'మొత్తం మీరే' అనలేదు. కాప్ అది గమనించలేదు, పురితా అక్క గమనించింది.

ఊరి దేవుడి పండుగనాడు వేదిక మీద కాప్ నూట ముప్పై ఎత్తడం కార్యక్రమంలో ప్రధానాంశం. పంది రోస్టుకు ముందు పెట్టాం, తర్వాతైతే జనం ఉండరని. కాప్ చొక్కాకు చిన్న మైకు తగిలించుకున్నారు.

"ఎవరూ ముట్టుకోవద్దు! రోడెల్, చేతులు వెనక్కి కట్టుకో. స్వశక్తి అంటే ఏమిటో జనం చూడాలి!"

రోడెల్ క్రమశిక్షణ గలవాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

బార్ దిగింది. దిగి, రొమ్ము మీద సుఖంగా కూర్చుంది. కాప్ ముఖం ఉడికిన పీత రంగుకు తిరిగింది. జనం అలవాటు చొప్పున "మీరే కాప్! మొత్తం మీరే!" అని అరుస్తున్నారు. కాళ్లు గాలిలో తన్నుకుంటే, అది కొత్త పద్ధతి కాబోలనుకుని ఇంకా గట్టిగా అరిచారు.

రోడెల్ ముందుకు వంగాడు. చేతులు మాత్రం వెనకే ఉన్నాయి.

"కాప్, సాయం కావాలా?"

మైకులోంచి ఒక కీచుమూలుగు వచ్చింది.

"వినబడలేదు కాప్."

"సా... సాయం..."

"ఎవరికి కాప్?"

"అందరికీ!" లౌడ్‌స్పీకర్లు దద్దరిల్లాయి. "అందరికీ రా నాయనా! అందరికీ!"

రోడెల్ వంగి, బకెట్ నీళ్లు తోడినట్టు బార్‌ను తీసి కొక్కేలకు తగిలించాడు. రేవు వైపు నిలబడ్డ జాలర్లు వేసిన కేకకు చర్చి పావురాలు ఎగిరిపోయాయి. అధ్యక్షులవారు నూట ముప్పై కిలోల భారం మోస్తూ కూడా ప్రజలను మరువలేదని, బార్ పైకి లేచినట్లు ఊరంతా చూసింది గనుక అది ఎత్తినట్లేనని సభ తీర్మానించింది. మర్నాడే సామాను పంచారు.

అన్సెల్మో పడవ మరమ్మతు పూర్తయిన రోజు మేమంతా నడుములోతు నీళ్లలో దిగి దాన్ని తోశాం. చుక్కాని దగ్గర నిలబడి అతను ఛాతీ విరుచుకున్నాడు. "చూశారా! మగాడన్నాక ఎవరి మీదా ఆధారపడకూడదు!" రోడెల్ వెనక నుంచి భుజం ఆనించి తోస్తూనే ఉన్నాడు. మేం చప్పట్లు కొట్టాలనుకున్నాం గాని చేతులు ఖాళీ లేవు.

కాప్ చాలాకాలం జిమ్‌కు రాలేదు. వచ్చాక, ఎవరూ లేని వేళ చూసి పురితా అక్క ముందు కూర్చున్నారు.

"డెబ్భై అన్నావు కదూ?"

"నిదానంగా దించాలి," అంది ఆమె.

క్రిస్మస్ ముందు ఒక ఉదయం కాప్ ఒంటరిగా తొంభై రెండున్నర ఎత్తారు. వెనక మనిషి లేడు, పురితా అక్క సాక్షి. ఆయన పరుగున సభకు వచ్చారు, కళ్లలో నీళ్లు.

"నేనే ఎత్తాను! ఈసారి నిజంగా నేనే!"

సభ్యులు పాత తీర్మానాలు తీసి చూశారు. రికార్డుల ప్రకారం ఇది ముప్పై ఏడున్నర కిలోల పతనం. ఆయన ఆరోగ్యం పట్ల ఆందోళన తెలుపుతూ, ఇకముందు ఇటువంటి ప్రయత్నాలు ఒంటరిగా చేయవద్దని కోరుతూ, వెనక నిలబడేందుకు తక్షణం ఒక గట్టి మనిషిని నియమిస్తూ సభ ఏకగ్రీవంగా తీర్మానించింది.