కాయలు ఒలిచేదాకా ఆగు

శనివారం పొద్దున్నే స్తానోయ్‌కా వంటింట్లో మిరపకాయల పని మొదలైంది. సెప్టెంబరు వచ్చిందంటే లెస్కోవట్స్‌లో బాల్కనీ బాల్కనీకీ ఎర్ర మిరపకాయలు కాలుతూనే ఉంటాయి. చలికాలపు పచ్చడి సీసాల్లోకి ఎక్కేదాకా ఊరంతా పొగే. మూడో అంతస్తులో స్తానోయ్‌కా, ఎదురింటి మిలేనియా, కింది వాటా బోగోసావ్ కూర్చుని కాల్చిన కాయల తొక్కలు ఒలుస్తున్నారు. మిగతా వాటాలవాళ్ళు సంతకు పోయారు. ఖాళీ సీసాలు తెమ్మని అల్లుడు రాదివోయ్‌ని నేలమాళిగకు తరిమారు.

అతను వట్టి చేతులతో, పాలిపోయిన ముఖంతో తిరిగొచ్చాడు.

"అత్తయ్యా! కింద కొట్టుగది అంటుకుంది! ఫైరింజనుకు ఫోన్ చేశాను. లేవండి, లేవండి!"

"సీసాలేవీ?" అంది స్తానోయ్‌కా.

"అక్కడంతా పొగండీ బాబూ!"

"ఎవరో కాయలు మాడ్చుకుంటున్నారు," అని మిలేనియా ముక్కు ఎగబీల్చింది. "ఈ ఏడు వాళ్ళ పచ్చడి చేదే."

"రబ్బరు కాలిన వాసనండీ అది! బోగోసావ్ గారూ, మీరైనా చెప్పండి!"

"ఆడవాళ్ళు ఇంత నిమ్మళంగా కూర్చున్నారంటే ఏం లేనట్టే కదటయ్యా," అన్నాడు బోగోసావ్.

"బోగోసావే కదల్లేదు, మాకేం తొందర?" అంది స్తానోయ్‌కా.

రాదివోయ్‌కి ఏడుపొచ్చింది. అత్తగారివి అసలే నొప్పుల మోకాళ్ళు. పొగ మెట్లను కమ్మేస్తే ఆవిణ్ణి దింపేదెలా? పెళ్ళానికి ఏం ముఖం చూపించాలి? చెయ్యి పట్టి లాగితే ఆవిడ కత్తి చూపించింది. ఇంతలో గుమ్మం కింద నుంచి పొగ సన్నగా లోపలికి పాకింది. మిలేనియా లేచి, అక్కడ తడిగుడ్డ కుక్కి, మళ్ళీ వచ్చి పీట మీద కూర్చుంది. అందరూ ఇంత తాపీగా ఉంటే మతి పోయింది తనకేనేమోనని అనుమానం వచ్చి, చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, రాదివోయ్ కూడా ఓ కాయ అందుకున్నాడు. కంగారులో అది కాస్తా చితికిపోయింది.

గొంతు మండుతోంది. ఇక ఉండబట్టలేక బాల్కనీ తలుపు తీశాడు. అయినా ఊపిరాడక, దానికి ఎదురుగా ఉన్న కిటికీ కూడా బార్లా తెరిచాడు. గాలి ఇటు నుంచి అటు రివ్వున కొట్టింది.

"చంపేశాడ్రోయ్! రెండు వైపులా తెరిచాడు!" అని స్తానోయ్‌కా కేక పెట్టింది.

రెండు వైపుల గాలి ఒకేసారి తగిలితే మెడ పట్టేస్తుందనీ, మూత్రపిండాలు పాడవుతాయనీ ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

"నా మెడ!" అంది మిలేనియా.

"నా నడుం!" అంటూ బోగోసావ్ తడిగుడ్డను తన్ని తలుపు లాగాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి, తలగుడ్డ ముక్కుదాకా లాక్కుని, అందరికంటే ముందు మెట్లు దిగింది. దగ్గుతూ, దేవుణ్ణి తలుచుకుంటూ రాదివోయ్ వెనకే పరుగెత్తాడు.

వాళ్ళు వీధిలో పడ్డారో లేదో, మెట్ల దారిలోంచి నల్లటి పొగ బుసబుసా బయటికొచ్చింది. అది చూసి స్తానోయ్‌కా అల్లుడి చెయ్యి పట్టుకుని ఇక వదల్లేదు.

ఫైరింజను వచ్చి మంట ఆర్పింది. ముఖమంతా మసితో ఆఫీసరు బయటికొచ్చాడు.

"మూడో అంతస్తులో తలుపూ కిటికీ తెరిచిందెవరు?"

"నేనేనండీ," అన్నాడు రాదివోయ్, భుజం తడతాడేమోనని ముందుకు జరిగి.

"ఎదురెదురుగానా? బుద్ధుందా నీకు? లోపల మనుషులుంటే ఆ గాలికి మెడలు పట్టేసి చచ్చిపోయేవాళ్ళు!"