వ్యాను మైసమ్మ

శంషాబాద్ దారి పొడుగునా పార్కింగ్ యార్డులు తెరిచిన యజమానులారా! బండి నిలబెట్టుకోవడానికి జాగా చూపించారు. బండి నడిపేవాడు కూర్చోవడానికి జాగా ఎందుకు చూపించలేదు? వాడికి స్టీరింగే తప్ప కడుపు ఉండదనుకున్నారా? తొండుపల్లి యార్డులో నరేందర్ చేసిన తప్పు నరేందర్‌దే. అది అతను ఒప్పుకున్నాడు. అందులో పెద్ద వాటా మీది. మీరింకా ఒప్పుకోలేదు. సరే, ముందు జరిగింది వినండి.

నరేందర్‌కు ఒక పాత స్కూలు వ్యాను ఉంది. పసుపు రంగు కూడా మార్చలేదు. దాంట్లో హోటళ్లకు బియ్యం, కూరగాయలు తోలుతాడు. రావిర్యాలలో కిరాయికున్న గదిని ఓనరు పడగొట్టి హాస్టలు కట్టడం మొదలుపెట్టాక, ఆ వ్యానే అతనికి ఇల్లయింది. సామాను దింపేశాక బండిని ఆ యార్డులో ఆపి వెనక చాప పరుస్తారు, అదే సంసారం. భార్య ప్రసన్నలక్ష్మి ఎయిర్‌పోర్టు దగ్గరి ఒక హోటల్లో గదులు శుభ్రం చేస్తుంది. ఆమె తోమిన బాత్‌రూములో మొహం చూసుకోవచ్చు. డ్యూటీలో ఉన్నంతసేపు ఆమెకు ఇబ్బంది లేదు. డ్యూటీ దిగి వ్యాను ఎక్కితే మాత్రం ఆమెకున్నది మూలన, గోనెపట్టా తెర వెనక, మూత ఉన్న ఒక పెయింటు బకెట్.

బకెట్ సంసారానికీ ఒక పద్ధతి ఉంది. ఒంటికి వేరే డబ్బా, రెంటికి బకెట్. పోయిన ప్రతిసారీ పైన రెండు గుప్పిళ్ల తవుడు చల్లాలి. తడి తగలకుండా ఉంటే వాసన రాదు. నిండగానే యార్డు వెనక కంపచెట్లలో గుంత తీసి పూడ్చాలి. ఎండాకాలమంతా ఇది బాగానే నడిచింది. ఆషాఢం వచ్చింది. వానకు తవుడు బస్తా తడిసి పులిసిపోయింది. కంపచెట్ల జాగాను ఎవరో ప్లాట్లు చేసి, కంచె వేసి, కెమెరాలు బిగించారు. బకెట్ నిండింది. పోయడానికి చోటు లేదు.

ఆ పొద్దున ప్రసన్నలక్ష్మి టిఫిను డబ్బా సర్దుకుంటూ ఒకటే మాట చెప్పింది.

"నేను డ్యూటీ దిగి వచ్చేసరికి బకెట్ ఖాళీ చేసి కడిగి ఉండాలె. లేకుంటే ఇట్నుంచి ఇటే కొత్తూరు బస్సెక్కుత. మా అమ్మగారింట్ల దొడ్డి ఉన్నది, దానికి గడియ గూడ ఉన్నది."

"ఇయ్యాల పక్కా లక్ష్మీ. బస్టాండు కాడి దొడ్లల్ల పోసి, కడిగి తెస్త."

"మొన్న గూడ గట్లనే అన్నవు."

"మొన్న వాన పడె గదా."

"వాన పడితె బకెట్ల పడ్డదా ఏంది?" అని ఆమె వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె కోపంగా అన్నప్పుడు నరేందర్ భయపడడు. ఇలా మెల్లగా అన్నప్పుడే భయపడతాడు.

వెంటనే వ్యాను స్టార్ట్ చేశాడు. అది మూలిగింది. మళ్లీ తిప్పాడు. ఈసారి మూలగనైనా మూలగలేదు. బ్యాటరీ సచ్చింది. మెకానిక్‌కు ఫోన్ చేస్తే మధ్యాహ్నం దాటాక వస్తానన్నాడు. మూత ఎంత గట్టిగా నొక్కినా ఆ బకెట్‌ను చేతిలో పట్టుకుని ఆటో ఎక్కే ధైర్యం నరేందర్‌కు లేదు. ఏ ఆటోవాడికీ ఉండదు. ఇంతలో మబ్బు విడిపోయి ఎండ కాసింది. రేకు వ్యాను పెనంలా కాలింది. లోపల పులిసిన తవుడు పొంగి, బకెట్ మూత 'టప్' మని లేచింది.

పక్క క్యాబులో పడుకున్న మల్లేశ్వర్ ముక్కు మూసుకుని లేచాడు. "నరేందరన్నా, ఏందే గీ వాసన? బండ్ల ఎలుక గిట్ల సచ్చిందా?"

"అవునే, ఎలుకనే."

"గింత వాసనంటె ఎలుక గాదన్నా, ఏనుగు!"

నరేందర్ గేటు దగ్గరి వేపచెట్టు ఎక్కి కొమ్మలు విరిచి తలుపులకు కట్టాడు. వాసన ఆగలేదు. పసుపు నీళ్లు కలిపి వ్యాను చుట్టూ చల్లాడు. ఆగలేదు. నిమ్మకాయలు కోసి నాలుగు చక్రాల దగ్గర పెట్టాడు. ఎండ లోపలికి పోకుండా ప్రసన్నలక్ష్మి ఎర్రచీర తీసి వెనక తలుపు మీద వేలాడదీశాడు. ఆఖరుకు నిప్పుల మీద మైసాక్షి వేసి పొగ పెట్టాడు. అప్పుడు కాస్త ఆగింది. ఊపిరి పీల్చుకుని బీడీ ముట్టించాడు.

ఆషాఢమాసం. ఊరూరా బోనాలు. పసుపు వ్యాను, ఎర్రచీర, వేపకొమ్మలు, నిమ్మకాయలు, మైసాక్షి పొగ. తాను ఏం తయారు చేశాడో ఆ యార్డులో నరేందర్ ఒక్కడికే తెలియలేదు.

గేటు దగ్గర మక్క కంకులు కాల్చి అమ్మే భారతమ్మ తాడు తెంపుకుని పోయిన బర్రెను వెతుక్కుంటూ అటు వచ్చింది. వ్యానును చూసి ఆగింది. కొంగు తల మీదికి లాక్కుంది.

"ఏ అమ్మ బిడ్డా?"

"ఏ అమ్మ లేదవ్వా. జర దూరం జరుగు."

"దగ్గరికి రావద్దా?"

"రావద్దు. తలుపు గూడ తీయద్దు."

"ఉగ్రంగ ఉన్నదా?"

"చాన ఉగ్రంగ ఉన్నదవ్వా," అన్నాడు నరేందర్, కడుపులోంచి.

అతను చెప్పింది అబద్ధం కాదు. అదే కొంపముంచింది. భారతమ్మ నేల మీద సాగిలపడింది. "తల్లీ, నా బర్రెను నాకు చూపియ్యి, కోడిని కోస్త" అని మొక్కింది. ఆమె లేచేలోపల కంచె కింది నుంచి ఒక నల్లటి మూతి బయటికొచ్చింది. వెనక చక్రం దగ్గర బస్తాలోంచి కారిన తవుడు కోసం బర్రె ప్లాట్ల కంచె విరగ్గొట్టుకుని వచ్చి, వ్యాను ముందు తలవంచి నాకడం మొదలుపెట్టింది.

"బర్రె గూడ మొక్కుతున్నది!" అని భారతమ్మ వేసిన కేక ఊళ్లోకి వినిపించింది.

ఆ ఒక్క క్షణంలో చెప్పాల్సింది. 'అవ్వా, లోపల అమ్మ లేదు, బకెట్ ఉన్నది' అంటే పోయేది. భారతమ్మ ఒక తిట్టు తిట్టేది, బర్రెను తోలుకుని పోయేది. నరేందర్ నోరు తెరిచాడు. బకెట్ అనే మాట గొంతు దాకా వచ్చి సిగ్గుతో వెనక్కి పోయింది. ఆ సిగ్గుకు తర్వాత ఎంత ఏడ్చాడో అతనికే తెలుసు.

మధ్యాహ్నానికి ఊరు కదిలి వచ్చింది. కొబ్బరికాయలు వచ్చాయి, డప్పులు వచ్చాయి, ఎవరో ఆడబిడ్డ బోనమెత్తుకుని వచ్చింది. అమ్మవారికి పేరు కావాలి గదా, అది మల్లేశ్వర్ పెట్టాడు: వ్యాను మైసమ్మ. తాడు కట్టి వాలంటీరు పని కూడా తనే అందుకున్నాడు. "లైన్ల రాండ్రి! చెప్పులు ఆడ్నే ఇడ్వుండ్రి! ఓ అన్నా, అమ్మతోని సెల్ఫీ ఏందే, కండ్లు పోతయ్!"

మెకానిక్ బ్యాటరీ పట్టుకుని వచ్చాడు. జనం అడ్డం నిలబడ్డారు. "అమ్మ కూసున్న జాగ నుంచి కదిలిస్తవా? నీకు పిల్లలు లేరా?" పాపం మెకానిక్ కొత్త బ్యాటరీకి బొట్టు పెట్టించుకుని, బిగించకుండానే దాన్ని తిరిగి పట్టుకుపోయాడు.

నరేందర్ మల్లేశ్వర్‌ను పక్కకు లాగాడు. "అన్నా, లోపల అమ్మ లేదే. మా బకెట్ ఉన్నది. నిండిన బకెట్."

మల్లేశ్వర్ నములుతున్న కొబ్బరిముక్క నమలడం ఆపాడు. "నేను పొద్దటి సంది గీడ్నే నిలబడ్డనే."

"అందుకే నీకు చెప్తున్న. వాళ్లకు గూడ చెప్త."

"పిచ్చా నీకు? ఇప్పుడు చెప్తె కాయలు రాయి మీద గాదు, మన నెత్తి మీద కొడ్తరు. ఊకో!"

నరేందర్ ఊకున్నాడు. రెండోసారి.

పొద్దు వాలుతుండగా యార్డు యజమాని ఉదయభాస్కర్ కారు దిగాడు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ వ్యాపారంలో స్థిరపడ్డ మనిషి. "ఎవరయ్యా ఇక్కడ గుడి పెట్టింది? ఇది ప్రైవేటు స్థలం! ఇప్పుడే పోలీసులకి ఫోన్ చేస్తాను."

డప్పు ఆగింది. అందరూ ఆయన కాళ్ల వంక చూశారు.

"ఏంది సారూ, బూట్లతోని వచ్చినవు?" అంది భారతమ్మ.

ఉదయభాస్కర్ బూట్లు విప్పాడు. తెల్ల మేజోళ్లతో బురదలో నిలబడి చేతులు జోడించాడు. "అబ్బెబ్బే, నేననేది అది కాదండీ. అమ్మవారు ఇలా ఎండలో ఉండటమేమిటని! ఈ మూలంతా అమ్మవారికే ఇచ్చేస్తున్నాను. చిన్న గుడి కట్టిద్దాం. బోరు నీళ్లు కలిపిస్తాను. అభిషేకం నీళ్లు పోవడానికి పైపు వేయించి డ్రైనేజీలో కలిపిస్తాను. టైల్స్ కూడా నేనే వేయిస్తాను."

జనం జై కొట్టారు. నరేందర్ మాత్రం ఆ మూల వంక చూశాడు. ఇదే మూల. ఇక్కడే ఒక మరుగుదొడ్డి కట్టించమని ఇదే మనిషిని ఎన్నిసార్లు బతిమిలాడాడో! "స్థలమెక్కడుంది నరేందర్? నీళ్లెక్కడివి? డ్రైనేజీ ఎక్కడికి కలపమంటావు?" అన్న నోరే ఇది.

"సార్!" అన్నాడు.

ఉదయభాస్కర్ వినయంగా వంగాడు. "చెప్పు నాయనా. అమ్మవారు ఏమంటోంది?"

ఊరంతా అతని నోటివంకే చూస్తోంది. ఆ నోట ఏ మాట వస్తే ఆ మాట ఆ సాయంత్రం శాసనం. అటువంటి క్షణం డ్రైవరు జన్మలో ఒక్కసారి వస్తుంది.

"టైల్స్ తెల్లయి ఏపియ్యండి సార్," అన్నాడు.

సరిగ్గా అప్పుడే ప్రసన్నలక్ష్మి గేట్లోంచి వచ్చింది. హోటలు యూనిఫాం, చేతిలో టిఫిను డబ్బా. వ్యాను డ్రైవరు భార్య అని తెలిసి జనం దారి ఇచ్చారు. ఒకావిడ కాళ్లకు మొక్కింది. ప్రసన్నలక్ష్మి వేపకొమ్మలు చూసింది, తన ఎర్రచీర చూసింది, మొగుడి మొహం చూసింది. అంతా అర్థమైంది.

"బకెట్?"

"లోపల్నే ఉన్నది."

"వీళ్లకు చెప్పినవా?"

"గింత మందిల ఎట్ల చెప్పాలె లక్ష్మీ?"

"గింత మందిల నా చీర ఆరేసినవు. ఒక్క మాట చెప్పరాలేదా?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ గొంతు పెరగలేదు. "నేను రోజు నీళ్లు తాగకుంట పడుకుంటున్న. నీకు ఎరికేనా? బకెట్ మీద కూసోవాలె అని భయంతోని తాగుత లేను."

ఎరిక లేదు. ఎన్నడూ అడగలేదు. ఆమె బట్టల సంచి కూడా తీసుకోలేదు, తలుపు తీస్తే గొడవ కాబట్టి. ఆ టిఫిను డబ్బాతోనే రోడ్డు మీదికి పోయి కొత్తూరు బస్సు ఎక్కింది. "అమ్మ అలిగింది" అన్నారు జనం. డప్పు మళ్లీ మొదలైంది.

మర్నాడు తెల్లారాక, జనం లేచి రాకముందే, నరేందర్ మల్లేశ్వర్ కారు బ్యాటరీ అరువు తెచ్చుకుని వ్యాను తీశాడు. బస్టాండు దగ్గర బకెట్ పోసి, ఫినాయిలు వేసి కడిగాడు. చాయ్ తాగినంత సేపట్లో అయిపోయింది. అంత చిన్న పని! కొత్తూరుకు ఫోన్ చేసి "కడిగిన లక్ష్మీ" అంటే, "మంచిది, ఉండు దానితోని" అని పెట్టేసింది.

వ్యాను పోయినా అమ్మ పోలేదు. "జాగా చూపించి పోయింది" అన్నారు. అక్కడ ఒక రాయి నిలిపారు, గుడి లేచింది. తెల్ల టైల్స్, బోరు నల్లా, మెయిన్ డ్రైనేజీకి కలిపిన పైపు. ఉదయభాస్కర్ ఇచ్చిన మాట ఏదీ తప్పలేదు.

గుడికి సున్నం వేసిన రోజు నరేందర్ ఇక ఆగలేక భారతమ్మ దగ్గరికి పోయి అంతా చెప్పేశాడు. ఆమె కంకులు కాల్చే విసనకర్రతో కొడుతుందనుకున్నాడు. కొట్టినా బాగుండేది.

"దొడ్డికి పోయేటి బకెట్‌కు నాతోని మొక్కిచ్చినవా?" అంది.

"తప్పయిందవ్వా."

"మొక్కిచ్చిన తప్పు సంగతి అమ్మ చూసుకుంటది. చెప్పని తప్పు సంగతి నేనడుగుత." విసనకర్ర కింద పెట్టింది. "నేను పొద్దుగాల గీ గేటు కాడ కూసుంటె పొద్దుమూకి చీకటైతే గని లేవ. ఎందుకనుకున్నవు? ఆ కంపచెట్లు నీకే ఉండెనా, మాకు లేకుండెనా? కంచె ఏసినంక ఉగ్గవట్టుకొని కూసుంటున్న. కంకులమ్మే ఆడోళ్లందరిది గదే బతుకు. ఆనాడు ఊరంత ఉండె. ఆ సారు బురదల చేతులు జోడించి నిలబడె. నువ్వు ఒక్క మాట అంటె, గక్కడ్నే పట్టుకుందుము గదరా! అసొంటి దినం మల్ల వస్తదా?"

తన ఒక్కడిదే అనుకుని దాచుకున్న సిగ్గు యార్డు మొత్తానిది. ఆ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు.

ఇద్దరూ కలిసి మల్లేశ్వర్‌ను, మిగతా ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఉదయభాస్కర్ దగ్గరికి పోయారు. నరేందర్ ఈసారి నోరు తెరిచాడు. బకెట్ సంగతితో సహా అన్నీ చెప్పాడు. గట్టిగానే చెప్పాడు. ఆయన శ్రద్ధగా విన్నాడు. నిజంగా బాధపడ్డాడు కూడా.

"అయ్యో, ముందే చెప్పి ఉంటే బాగుండేదండీ. ఉన్న ఆ కాస్త స్థలమూ అమ్మవారికి ఇచ్చేశాను గదా!"

అమ్మవారి మీద ఇక్కడ ఎవరికీ కోపం లేదు. ఆమె ఎన్నడూ స్థలం అడగలేదు. అడిగింది మనుషులు. యజమానులారా, మళ్లీ అడుగుతున్నాం, ఈసారి సిగ్గుపడకుండా అడుగుతున్నాం. ప్రతి యార్డులో దొడ్డి కట్టండి. ఆడవాళ్లకు వేరే కట్టండి, లోపల గడియ పెట్టండి, నల్లాలో నీళ్లు రానివ్వండి. దొడ్డి లేని యార్డుకు గేటు తెరవకండి. ప్రసన్నలక్ష్మి ఇంకా కొత్తూరులోనే ఉంది, భారతమ్మ ఇంకా చీకటి పడేదాకా కూర్చునే ఉంది. పని రేపే మొదలుపెట్టండి. ముహూర్తం మేం అడగం, సిమెంటు తెస్తే చాలు.