అండమాన్ నుంచి ఏం తెచ్చారు?

ఈ కథలో ఒక్క అబద్ధం లేదు. చెప్పేవాడు జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా నిజాయితీకి పేరుపడ్డ మనిషి. కావలిస్తే నందిగామ బస్టాండులో ఎవర్నైనా అడగండి. వాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి.

ఆ పొద్దున దశరథరామయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. సముద్రపు ఒడ్డున కాసేపు నడవాలి, పైసా ఖర్చు లేని బహుమతులు ఓ సంచెడు ఏరుకోవాలి, ఎండ ఎక్కకముందే గదికొచ్చి భార్య వండిన పప్పన్నం తినాలి.

ఆయన జగ్గయ్యపేటలో కిరాణా వ్యాపారి. పెళ్ళయిన ఇన్నేళ్ళకి భార్య జ్ఞానప్రసూనాంబను అండమాన్ తీసుకొచ్చాడు. వానాకాలమైతే టిక్కెట్లు చవకని వానాకాలంలోనే తీసుకొచ్చాడు. నీల్ దీవిలో ఏసీ గదులన్నీ దాటుకుంటూ వెళ్ళి ఊరి చివర రేకుల గది పట్టాడు. హోటలు మెతుకు ముట్టే పని లేకుండా కరెంటు కుక్కరు, బియ్యం, కందిపొడి, చింతకాయ పచ్చడి ఇంటి నుంచే మోయించాడు. సూట్‌కేసులు కూడా కొనలేదు. దసరాకి ఖాతాదార్లకు పంచగా మిగిలిన జిప్పు సంచులు మూడు తెచ్చాడు. మూడింటి మీదా ఒకే అచ్చు, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఎర్రటి అక్షరాలతో: "జ్ఞానప్రసూనాంబ కిరాణా, జగ్గయ్యపేట". కింద కొట్టు ఫోన్ నంబరు.

అంతా బాగానే ఉంది గానీ ఊరికి వెళ్ళాక "ఏం తెచ్చారు?" అని అడిగేవాళ్ళకి జవాబు చెప్పుకోవాలి. తిరుపతి వెళ్తే లడ్డు తెస్తాం. పెనుగంచిప్రోలు బావమరిది కాశీ వెళ్ళొచ్చి ఇంటింటికీ గంగచెంబు ఇచ్చాడు. అండమాన్ నుంచి ఏం ఇవ్వాలి? నందిగామలో ఉన్న కూతురు మనోజ్ఞ ముందురోజే ఫోన్ చేసి, "నాన్నా, మా అత్తగారు అడుగుతున్నారు, ఏం తెస్తున్నావని. సిగ్గు తీయకు" అంది. అందుకే ఆయన ఒడ్డున పడున్న తెల్లటి పగడపు రాళ్ళు, చెట్టుకొమ్మల్లా విచ్చుకున్నవాటిని ఏరి, ఓ సంచి నిండా నింపాడు. సముద్రం బిల్లు అడగదు కదా.

సాయంత్రం గది యజమాని శాంతయ్య పలకరించాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డ మనిషి.

"బీచి సూసొచ్చారా బాబూ?"

"చూసా శాంతయ్యా. ఎక్కడ చూసినా రాళ్ళే!"

"సూడండి, సూడండి. సూస్తే ఎవుళూ ఏటనరు. తియ్యకండి గానీ."

"తీస్తే?"

"పగడం రాయి గవర్నమెంటుది కదా బాబూ. కేసు పెడతారు. మొన్న మా గదిలో దిగినాయన నాలుగు రాళ్ళు పట్టుకెళ్ళాడు. ఎయిర్‌పోర్టులో బ్యాగు ఆపేసారంట."

"తర్వాత?"

"తర్వాతేటి? మరి కనపళ్ళేదు."

దశరథరామయ్య అండమాన్‌లో దిగిన రోజే పోర్ట్‌బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు చూశాడు. ఓ గదిలో నిలబడి చేతులు చాచి కొలిచి, "ఇందులో మిరపకాయ బస్తాలు బాగానే పడతాయి" అని భార్యతో అన్నాడు కూడా. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ గదిలో బస్తాలు కనపడలేదు. తనే కనపడ్డాడు.

రాళ్ళు తీసినచోటే పోసేద్దామనుకున్నాడు. తీసేటప్పుడు ఎవరూ చూడలేదు, పోసేటప్పుడు చూస్తే? భార్యకు చెబుదామనుకున్నాడు. ఆవిడ గుసగుసలాడినా నాలుగిళ్ళ అవతలికి వినపడుతుంది. చివరికి చీకటి పడుతుండగా ఆ సంచిని గది వెనక పొదల్లోకి తోసి, చేతులు దులుపుకొని, లోపలికొచ్చి కూర్చున్నాడు. కంచంలో అన్నం చల్లారకముందే తలుపు చప్పుడైంది.

"బాబూ, ఈ సంచి మీదే!" శాంతయ్య మొహం వెలిగిపోతోంది. "అడివి పందులు లాక్కెళ్ళినట్టున్నాయి. పేరు సూసి పట్టుకొచ్చీసేను."

"ఎంత మంచివాడివయ్యా" అన్నాడు దశరథరామయ్య, ఏడుపు గొంతుతో. శాంతయ్య అది కృతజ్ఞత అనుకున్నాడు.

మర్నాడు తిరుగు ప్రయాణం. రాళ్ళ సంచి ఏదో గుర్తుండేలా ఆయన దాని పిడికి తన జేబురుమాలు కట్టుకున్నాడు గానీ, జిప్పు తీసి చూసే ధైర్యం లేకపోయింది. పడవ రేవుకు ఎడ్విన్ అనే కుర్రవాడి ఆటోలో వెళ్ళారు. దిగేటప్పుడు రుమాలు కట్టిన సంచిని సీటు వెనక వదిలేసి, భార్యను తొందరపెట్టి జనంలో కలిసిపోయాడు. ఆటో మలుపు తిరిగి మాయమయ్యాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

ఆ ఊపిరి వదిలేలోపే ఫోన్ మోగింది. పేటలో కొట్టు చూసుకుంటున్న కొడుకు అనిల్‌కుమార్.

"నాన్నా! అక్కడ ఏం చేసావ్?"

"నేనేం చేసాన్రా?"

"ఎవరో ఆటోవాడు హిందీలో ఫోన్ చేసాడు. నీ సంచి రేవు దగ్గర పోలీసులకి ఇచ్చాడంట. నీ పేరు, ఊరు అన్నీ అడిగాడు."

"చెప్పావా?"

"చెప్పా. తాతయ్య పేరు కూడా చెప్పా. ఎందుకు నాన్నా, గొంతు అలా ఉందేం?"

దశరథరామయ్య బదులిచ్చేలోపే రేవులో మైకు గురగురలాడింది. అందులోంచి ఎవరో ఆయన పేరును మూడు ముక్కలుగా విరిచి పిలిచారు. ఊరి పేరును ఇంకా ఎక్కువ ముక్కలు చేశారు.

"ఏమండీ, మిమ్మల్నే! మైకులో పిలుస్తున్నారు!" జ్ఞానప్రసూనాంబ మురిసిపోయింది. "పేట పేరు కూడా చెప్పారండీ!"

ఆయన పోలీసు గది దాకా ఎలా నడిచాడో ఆయనకే తెలియదు. కానిస్టేబులు బల్ల మీద సంచి ఉంది. ఆ మనిషి దాన్ని ఎత్తి దించితే లోపల ఖంగుమంది. దశరథరామయ్య గుండె కూడా అలాగే మోగింది.

ఇందులో ఏముందని కానిస్టేబులు హిందీలో అడిగాడు. లారీ డ్రైవర్ల దగ్గర నేర్చుకున్న హిందీ అంతా ఆ క్షణంలో ఆవిరైపోయింది. ఒక్క మాటే మిగిలింది.

"ప్రసాద్."

కానిస్టేబులు బూట్లు వెనక్కి లాక్కున్నాడు. సంచికి దణ్ణం పెట్టాడు. అక్కడితో వదలక, దోసిలి పట్టాడు.

"నై, నై" అన్నాడు దశరథరామయ్య, సంచికి చెయ్యి అడ్డం పెట్టి. "అభీ... దేవుడు ఖాయా నై."

దేవుడింకా తినలేదంటే కానిస్టేబులు మాత్రం ఏం చేస్తాడు? రెండు చేతులా సంచి ఎత్తి భక్తిగా ఆయన భుజాన పెట్టి, పడవ దాకా సాగనంపాడు.

పడవ కదిలింది. అబద్ధం పోలీసుతో ఆడాడు, అదీ దేవుడి పేరు పెట్టి. ఇప్పుడు దొరికితే రెండు కేసులు. నడిసముద్రంలో వాన జల్లు మొదలై అందరూ లోపలికి పరుగెత్తగానే, ఆయన కమ్మీ దగ్గరికి చేరి, కళ్ళు మూసుకొని సంచిని వదిలేశాడు. గేదె చెరువులో పడ్డంత చప్పుడైంది.

"ఏమిటండీ అది? ఏం పడింది?" ఓ ముసలావిడ కిటికీలోంచి బెంగాలీలో కేక పెట్టింది. భాష తెలియకపోయినా ప్రశ్న తెలిసింది. ఆయన సముద్రానికి రెండు చేతులూ జోడించాడు. ఆవిడ కూడా జోడించి, కొంగున కట్టుకున్న రూపాయి బిళ్ళ ఒకటి నీళ్ళలో వేసింది. చూసినవాళ్ళు మరికొందరు వేశారు.

ఎయిర్‌పోర్టుకు చేరేసరికి దశరథరామయ్య మళ్ళీ మనిషయ్యాడు. భుజాలు ఎగరేస్తూ నడిచాడు. మిగిలిన రెండు సంచులూ మిషన్లోకి వెళ్ళాయి. ఒకటే బయటికొచ్చింది.

అధికారి రెండోదాన్ని పక్కకు లాగి జిప్పు తీశాడు. పంచెల మధ్య నుంచి తెల్లటి కొమ్మలు, కొత్త పెళ్ళికూతుళ్ళలా ఒక్కొక్కటే తొంగిచూశాయి.

"ఆ రాళ్ళు మావేనండీ!" అంది జ్ఞానప్రసూనాంబ, ఎయిర్‌పోర్టంతటికీ వినపడేలా. "మా ఆయనే స్వయంగా ఏరారు! పేటలో ఇంటింటికీ పంచాలి!"

"ప్రసూనా, నోరు ముయ్యి" అందామనుకున్నాడు. నోరు ముందు ఆయనకే మూసుకుపోయింది. కొట్టు కనపడింది, గల్లాపెట్టె మీద దండ వేసిన తన ఫోటో కనపడింది. చేతులు రెండూ కలిపి, సంకెళ్ళకి వీలుగా ముందుకు చాచాడు.

అధికారి ఆ చేతుల వంక విసుగ్గా చూశాడు. గోడవార ఉన్న పెద్ద ప్లాస్టిక్ తొట్టి చూపించి, అందులో పడేసి వెళ్ళమన్నాడు. తొట్టి నిండా రాళ్ళూ శంఖాలూ గుట్టగా ఉన్నాయి. శాంతయ్య గదిలో దిగినాయన మళ్ళీ ఎందుకు కనపడలేదో దశరథరామయ్యకు అప్పుడు తెలిసింది. హాయిగా ఇంటికెళ్ళిపోయుంటాడు.

రాళ్ళు తొట్టిలో పోసి వచ్చి భార్యను అడిగాడు.

"రాళ్ళు నా పంచెల్లోకి ఎట్టా వచ్చాయే?"

"మీరు స్నానానికి వెళ్ళినప్పుడు నేనే మార్చా. దారిలో విరిగిపోతాయని పంచెల్లో చుట్టా. ఆ రుమాలు సంచిలో కుక్కరు, పచ్చళ్ళు, పొడులు, దారిలోకని పులిహోర పెట్టా. ఏదండీ అది? ఆకలేస్తంది."

దశరథరామయ్య సముద్రం వైపు చూశాడు. వాన పట్టి సముద్రం కనపడలేదు. ఆ వానకే విమానం సాయంత్రానికి మారిందని బోర్డు మీద పడింది.

"ఏమండీ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి. దోసె అన్నా పెట్టించండి."

జంకుతూ జంకుతూ హోటలు కౌంటరు ముందు నిలబడి ధరల పట్టిక చదివాడు. మళ్ళీ చదివాడు. పోలీసు గదిలో పట్టని వణుకు అప్పుడు పట్టింది. జైల్లో భోజనం ఉచితం కదా అని ఒక్క క్షణం తోచింది. అయినా భార్య మొహం చూసి, కళ్ళు మూసుకొని, "రెండు దోసెలు" అన్నాడు.

మొదట్లో చెప్పిన మాట కాస్త సవరించాలి. రాళ్ళు నిజం, కానిస్టేబులు దోసిలి నిజం, సముద్రం మింగిన పులిహోర నిజం. దశరథరామయ్య దోసెలు కొన్నాడన్నది మాత్రం కల్పన.