రెండు రీళ్ల కత్తియుద్ధమున గౌరి లేవకుండుట

ఏ సముద్రపు గాలి సోనేపూరు తీరమున ఎండుచేపల వాసనను భుజమున వేసికొని, దారిలో మొగలిపొదలను పలకరించి, బరంపురము చేరునప్పటికి ఆ రెండు వాసనలను విడదీయరానంతగా కలిపివేయునో, ఆ సముద్రమునకు మ్రొక్కి, చెన్నపట్నపు దొరతనము గంజాము జిల్లాను ఏలుచున్న కాలమున, తెరమీది బొమ్మలకు ఇంకను నోరు రాని దినములలో, ఒక మాఘ శనివారపు ఉదయమున పెద్దబజారు వీథిలో చెలరేగిన వాగ్యుద్ధముతో ఈ వీరగాథ ఆరంభించుచున్నాను.

ఆ యుద్ధము కిందటి వారము చూచిన బొమ్మలోని దుష్టుడు ఎట్లు చచ్చెనను విషయమై పుట్టినది.

"నదిలో పడి సచ్చాడు" అని ఉల్లి, మిరప టోకు వర్తకుడైన ధర్మలింగము నిశ్చయముగా పలికెను.

"కాదురా నాయనా. తాళ్లతో కట్టి రాజు కాళ్లకాడ పడీసినారు" అని ఆయన తల్లి అమ్మణ్ణి వత్తులు చేయుచు ఖండించెను.

ఆయన భార్య గౌరి కాఫీ లోటాలు వారి ముందుంచి, "మనం ముగ్గురమూ అప్పటికి జగ్గన్న జట్కాలో ఉన్నాం" అనెను.

ఆ మాటతో ఉభయసైన్యములు కత్తులు దించి కాఫీ లోటాలు అందుకొనెను. ఏలయన అది సత్యము. టూరింగు బయస్కోపు డేరా వెలుపల జట్కాలు నాలుగు, లోపల జనము నాలుగువందలు. అమ్మణ్ణి మోకాళ్లు నడకను ఏనాడో త్యజించినవి. కావున తెరమీద చివరి కత్తియుద్ధము మొదలుకాగానే లేచి బండి పట్టుట ఆ యింటి కులాచారమై నిలిచెను. గౌరి ఇప్పటికి ఏడు బొమ్మలు చూచినది. ఏడు యుద్ధముల ఆరంభము చూచినది. ముగింపు ఒక్కటియు చూడలేదు.

"కత్తులు తీసేక ఇంకేటుంటది? మంచోడు నెగ్గుతాడు. నెగ్గేడని ఒకడొచ్చి మనకి సెప్పాలేటి?" అని ధర్మలింగము తన యుద్ధనీతిని వివరించెను.

అప్పుడు గౌరి హృదయమున ఇట్టి ప్రతిజ్ఞ ఉప్పొంగెను: "ఓ మిరపబస్తాల మహాప్రభూ, ఉల్లిరాసుల అధీశ్వరా, భూమి బీటలువారినను, డేరాగుంజలు పెకలించుకొనిపోయినను, ఆ తెర తెల్లబడి దీపములు వెలుగువరకు నా చాపను నేను విడువను." ఆమె నోటివెంట వచ్చినది మాత్రము మూడు మాటలు.

"ఈవేళ నాను లేవను."

"సూద్దాం" అనెను ధర్మలింగము.

సాయంకాలము మొదటి ఆట. డేరా నడుమ దుప్పటివంటి ముదురునీలి తెర కట్టి, ఒకవైపు మగవారికి బల్లలు, మరొకవైపు ఆడవారికి చాపలు వేసిరి. బొమ్మ పడు తెల్లతెర ప్రక్కన హార్మనీ, డోలు, వాటి నడుమ కర్ర పట్టి కథ చెప్పు గురువు. మూగబొమ్మకు ఆయనే నోరు. తెనుగున ఒకమారు, ఒడియాలో ఒకమారు చెప్పును. కథ సాగినంతసేపు ఆయన వాక్కు ఏనుగువలె నడచినది.

రాకుమారుడును దుష్టమంత్రియు కోటమెట్ల మీద కత్తులు దూసిరి. డోలు మ్రోగెను. నీలితెరకు ఆవలినుండి ధర్మలింగము దగ్గెను.

అది సామాన్యమైన దగ్గు కాదు. అది శంఖారావము. ఏడు బొమ్మలనాటినుండి ఆ దగ్గు విని లేవనివారు ఆ యింట లేరు. అమ్మణ్ణి చేయి అలవాటుగా చేతికర్రను వెదకెను. గౌరి కర్రను మెల్లగా తన మోకాలికింద దాచి, "కూర్చోండత్తా, ఇప్పుడే కదా మొదలైంది" అనెను.

తెరమీద ఖడ్గములు ఢీకొనెను. మెట్లు దిగుచు కొట్టుకొనిరి, మెట్లెక్కుచు కొట్టుకొనిరి. ఎనిమిదిమంది భటులు మంత్రికి తోడుగా దూకి, ఒకరొకరుగా కూలసాగిరి. గురువు మొదట మహోత్సాహమున "ఇదిగో వీరాధివీరుని ఖడ్గప్రహారము" అని గర్జించెను. పది ప్రహారముల పిమ్మట విశేషణములు అడుగంటెను. "కొట్టాడు. మళ్లీ కొట్టాడు. మారిలా. పుణి మారిలా" అని రెండు భాషలయందును సమానముగా నీరసించి, కర్రను గోడవలె నున్న డేరాగుడ్డకు ఆనించి, సోడా త్రాగుటకు వెళ్లిపోయెను.

గోసాని నువాగాం నుండి వచ్చిన ఒక ఒడియా ఇల్లాలు ఆవులించి, "సరిలా కి?" అని అడిగెను.

"ఎక్కడ అవడం తల్లీ, ఇంకా సగంమంది బతికే ఉన్నారు" అని అమ్మణ్ణి జవాబిచ్చెను.

అంతలో రీలు అయిపోయెను. ఆ కత్తియుద్ధపు రెండవ రీలు ఎక్కించుటకై దీపము వెలిగించిరి. నీలితెర పైభాగమున ధర్మలింగము శిరస్సు సూర్యబింబమువలె ఉదయించెను.

"అమ్మా, బండ్లు అయిపోతాయి. లెగండి."

"ఉండరా. ఆ పిల్లడి కత్తి విరిగిపోనాది. కత్తి విరిగినోడిని వదిలీసి లెగిసిపోతామేటి?"

"విరిగితే ఇంకోటి దొరుకుతాదే."

"అది దొరకనీ, అప్పుడు లెగుస్తాం."

సూర్యబింబము అస్తమించెను. ధర్మలింగము ఒంటరియై బయటికి నడచెను. అచట ఆ సేనానికి ఎదురైన దృశ్యమేమన, నాలుగు జట్కాలు, నాలుగు గుర్రములు, మనుష్యమాత్రుడు శూన్యము. డోలు ఇంతసేపు మ్రోగుట ఎన్నడును విననందున, బండివాండ్రు నలుగురును డేరా అంచు ఎత్తి, బోర్లపడుకొని లోపలికి చూచుచుండిరి. వారి ఎనిమిది పాదములు మాత్రము వెన్నెలలో కనబడుచుండెను.

"జగ్గన్నా, బండి కట్టు" అని ధర్మలింగము ఒక పాదముతో పలికెను.

"ఒక్క దెబ్బ బాబూ" అని డేరా లోపలినుండి సమాధానము వచ్చెను.

ఆ ఒక్క దెబ్బ ముగియలేదు. మరియొకరు ఎక్కకుండుటకై ధర్మలింగము తానే జట్కా ఎక్కి, కళ్లెము చేతబూని, గడ్డి నమలు గుర్రమునకు వెనుక రాజ్యరక్షణ చేయుచు కూర్చుండెను.

లోపల రెండవ రీలున గౌరికి అసలు పరీక్ష వచ్చినది. విసుగు అను మహాశత్రువు ఆమెను చుట్టుముట్టెను. పెద్దమీసముల భటుడు మూడవసారి చచ్చుట ఆమె లెక్కించెను. రాకుమారుని తలపాగా ఒక్క అంగుళమైనను జరుగలేదని గమనించెను. ఇంట నానబోసిన మినపపప్పు తలపునకు వచ్చెను. ఏడు బొమ్మలలో తన భర్త చెప్పినదే నిజమా, మంచివాడు నెగ్గుటకు ఇంతసేపు ఎందుకు, అని ఆమె మనస్సు ఒక అడుగు వెనుకకు వేసెను. కాలు తిమ్మిరెక్కెను. ఆమె కాలు మార్చెను. లేవలేదు.

అటుపిమ్మట ఒక వింత జరిగినది. విసుగుకు ఆవలియొడ్డు కనబడెను. గౌరి కత్తులను చూచుట మాని మనుష్యులను చూడసాగెను. మంత్రి చేయి వణకుచుండెను. అతడు ముసలివాడని ఆమెకు ఇంతవరకు తెలియదు. రాకుమారుడు నుదుట చెమట తుడుచుకొనుచు, కొట్టవలెనో వద్దో మరచినవానివలె ఒక క్షణము నిలిచెను. డోలు వాయించువానికిని చేతులు నొచ్చి, దరువు నెమ్మదించెను.

మంత్రి కత్తి జారవిడిచి మెట్టుమీద కూలబడెను. రాకుమారుడు, కూలిన భటునివద్ద దొరికిన కత్తి ఎత్తెను. దించెను. తానును అదే మెట్టుమీద, ఆ ముసలివాని ప్రక్కన కూర్చుండెను. ఇద్దరును ఆయాసపడుచుండిరి.

చెప్పుటకు గురువు లేడు. మూడు దెబ్బలతో తేలిన యుద్ధమైయున్నచో అది ఒట్టి మెట్టు. అంతసేపు కూర్చున్నవారికి మాత్రము, ఆ ఇద్దరు కూర్చుండుట ఎంత పెద్ద సంగతియో తెలిసినది. గౌరి కన్నుల నీరు నిండెను. ఆ నీటిలోనుండి, వంకరగా, తెల్లగా, ఆమె జీవితమున మొదటిసారి, ఒక మాట కనబడెను: సమాప్తము.

దారిపొడవునను ధర్మలింగము ఏమియు అడుగలేదు. రాత్రి అడుగలేదు. మర్నాటి మధ్యాహ్నము చేమదుంపల పులుసు వడ్డించునప్పటికి ఆయన పట్టు సడలెను.

"ఇంతకీ సచ్చాడేటి?"

"ఎవడు?" అనెను అమ్మణ్ణి, ప్రక్కన కూర్చుండి తినుచు.

"అదే. ఆ మంత్రి."

"లేదండి. కూర్చున్నారు" అనెను గౌరి.

"ఎవరు?"

"ఇద్దరూను. మెట్టు మీద."

"కూర్చుని?"

"అంతే."

"దీనికోసం నన్ను గుర్రం ఎనకాల కూకోబెట్టీసినారా?"

"నీకు సెప్తే తెలీదురా" అని అమ్మణ్ణి పెరుగన్నము కలుపుకొనుచు నిట్టూర్చెను. "అయ్యో, ఆ ముసలోడి సెయ్యి ఎలా వొణికిందో."

ధర్మలింగము రెండు ముద్దలు మింగెను. "పోనీ, ఈవేళ ఎల్దాం. ఆ రెండో రీలు నాటికి ఎల్తే సాలు గదా."

గౌరి పులుసుగరిటె గిన్నెలోనే ఆపెను. "అలా ఎల్తే మీకు మెట్టే కనిపిస్తాది."

ఆయన భార్యవంక చూచెను, తల్లివంక చూచెను. ఇద్దరి ముఖములయందును తనకు ప్రవేశము లేని ఒకే దేశము కనబడెను. అంతట ఆ టోకువర్తక సార్వభౌముడు ఆయుధములు విడిచి, కోటలు కాదు, కోశాగారములు కాదు, ఆడవారి చాపమీద జానెడు చోటును ఆట ముగియువరకు విజేతకు శాశ్వతముగా సమర్పించుచు, విస్తరి ముందు ఇట్లు ప్రకటించెను:

"సరే. మొదట్నుంచీ సూద్దాం, దీపాలెలిగేదాకా ఎవరూ లెగొద్దు. జగ్గన్నకీ ఓ టిక్కెట్టు కొనీసి నా పక్కనే కూకోబెట్టుకుంటాను."