చీటీ లేనిదే కదలని మెసేజీలు

పొద్దున్న ఎనిమిదింటికి మామయ్య రెండు సంచులు సర్ది, ఒకటి తన భుజాన వేసుకుని, రెండోది మేనకోడలికి ఇచ్చాడు. ఫోన్లు బాగుచేసే ఆ దుకాణంలో అలా జరగడం అదే మొదటిసారి. ఏడాదిగా రెండు సంచులూ ఆ అమ్మాయే మోసేది. ఆయన చేతులూపుకుంటూ ముందు నడిచేవాడు.

"నాకు వేరే పనుంది. బల్లల కంపెనీకి ఇవాళ నువ్వొక్కదానివే వెళ్లు. వాయిస్ మెయిల్‌లో మెసేజీలు మాయమైపోతున్నాయట. సాయంత్రంలోగా బాగుచేశావనుకో, రేపట్నుంచి ఒక్కదాన్నే పంపిస్తా. లేదంటే మళ్లీ నా వెనకాలే."

"సరే."

"ఏంటీ?"

"సరే మామయ్యా."

"ఆ గొంతు పక్కనున్నవాడికే వినబడదు. ఊరికే అంటారా నిన్ను మెల్లగమ్మ అని!"

మెల్లగమ్మ దారిపొడుగునా పథకం వేసుకుంది. కంపెనీకి హెడ్డాఫీసు, షోరూము, గోడౌను అని మూడు చోట్లున్నాయి. మూడింటికీ మూడు వాయిస్ మెయిల్ పెట్టెలు. ఒకటి నిండితే, తర్వాత వచ్చే మెసేజి రెండోదానికి పోతుంది. మూడింటినీ ఒక గుంపులో కలిపి ఒక్క టెస్టు మెసేజి పంపితే, ఎక్కడ అందలేదో తెలిసిపోతుంది. మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండొచ్చు.

హెడ్డాఫీసులో కూర్చుని పెట్టెలు కలిపింది. "ఇది టెస్టు మెసేజి. అందితే చెప్పండి," అని రికార్డు చేసి పంపింది.

మెసేజికి పది నిమిషాల్లోగా మెసేజితోనే జవాబివ్వాలని ఆ కంపెనీలో ఒక నియమం ఉంది. యజమాని దాన్ని గోడ మీద ఎర్రరంగుతో రాయించాడు. ఆ గోడ మెల్లగమ్మ వీపు వెనక ఉంది.

షోరూము మేనేజరమ్మ "అందింది" అని పంపింది. పెట్టెలన్నీ గుంపులో ఉన్నాయి కాబట్టి ఆ మాట మూడు చోట్లకూ వెళ్లింది. హెడ్డాఫీసు గుమాస్తా "మీకు అందినట్టు మాకు అందింది" అని జవాబిచ్చాడు. దానికి మేనేజరమ్మ "సంతోషం" అంది. సంతోషానికి మాత్రం జవాబివ్వకుండా ఎలా ఊరుకుంటారు? పదకొండయ్యేసరికి షోరూము పెట్టె నిండి హెడ్డాఫీసులోకి పొంగింది. అదీ నిండి గోడౌను వైపు పొంగింది. గోడౌను మాత్రం ఒక్క మెసేజీ తీసుకోకుండా అన్నిటినీ తిరిగి షోరూముకే నెట్టింది.

గుమాస్తా తల పట్టుకున్నాడు. "మెసేజీలు పోతున్నాయని పిలిస్తే, ఇప్పుడు ఎంత పొమ్మన్నా పోవట్లేదు కదమ్మా!"

గోడౌను పెట్టె ఎప్పట్నుంచో నిండి ఉందని మెల్లగమ్మకు అప్పుడు అర్థమైంది. సంచి తీసుకుని పరుగెత్తింది.

గోడౌను గేటు దగ్గర, చెవి వెనక పెన్సిలు పెట్టుకున్న ముసలాయన ఆపాడు. అందరూ తాతయ్య అనే ఇన్‌చార్జి ఆయనే. లోపలికి వచ్చే ప్రతిదానికీ చీటీ రాయాలి. మెల్లగమ్మకు కూడా రాశాడు: 'ఫోన్ల ఆయన మేనకోడలు - 1. సంచి - 1.'

"తాతయ్యా, మీ పెట్టెలో మెసేజీలు తీసేయాలి."

"చీటీ ఏదీ?"

"మెసేజీలకి చీటీ ఎందుకు తాతయ్యా?"

"చూడమ్మాయ్, ముప్పయ్యేళ్లుగా నా గోడౌనులోంచి మేకు కూడా చీటీ లేకుండా బయటికి పోలేదు. బల్లల కింద అంటించిన నెంబరు నాది. కొన్నవాళ్లంతా ఇక్కడికే ఫోన్ చేస్తారు. వచ్చిన సరుకు వచ్చినట్టు భద్రంగా ఉంచా. ఒక్కటి పోలేదు."

"మరి హెడ్డాఫీసుకి పంపలేదా?"

"పంపమని చీటీ రాలేదుగా!"

ఆమె ఇంకేదో అనబోయేంతలో ఫోన్ మోగింది. యజమాని.

"ఏమ్మా, పోయిన నెలలో ఒక బడివాళ్లు పెద్ద ఆర్డరు మెసేజి పెట్టారట. వివరాలన్నీ అందులోనే చెప్పారట. నాలుగింటిలోగా మనం ఖాయం చెయ్యకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తారట. ఎక్కడుందో వెతుకు. దొరక్కపోతే మీ మామయ్యతో నేనే మాట్లాడతా."

వినడానికి మాత్రమే అని తాతయ్యను ఒప్పించేసరికి మూడున్నరయింది. పెట్టె తెరిస్తే, లోపల చోటు లేక తిరిగిపోయే టెస్టు మెసేజీల జవాబులు లైనుకి అడ్డంగా వచ్చిపడుతున్నాయి. ముందు వాటిని తుడిచేద్దామని మెల్లగమ్మ ఒక మీట నొక్కింది. పొద్దున్న మూడు పెట్టెలనూ కలిపింది తనేనన్న సంగతి, మీట నొక్కాక గుర్తొచ్చింది.

"మూడు కార్యాలయాల్లోని మెసేజీలన్నీ తొలగించబడ్డాయి. ధన్యవాదాలు," అంది యంత్రం మర్యాదగా.

మెల్లగమ్మ సంచి మీద కూలబడింది. రేపట్నుంచి రెండు సంచులూ మళ్లీ తన భుజాల మీదే కనబడుతున్నాయి.

"చీటీ లేకుండా పంపేశావా?" అన్నాడు తాతయ్య. "మొత్తం సరుకా?"

"తప్పయింది తాతయ్యా. బడివాళ్లది కూడా పోయింది."

"మెసేజి పోతే పోయింది. పద్దు ఎక్కడికి పోతుంది?"

ఆయన బీరువాలోంచి లావుపాటి రిజిస్టరు తీశాడు. ప్రతి మెసేజీ, పొల్లు పోకుండా, తేదీతో, నెంబరుతో సహా గుండ్రటి అక్షరాల్లో ఉంది. మధ్యలో దగ్గితే 'దగ్గు - 2' అని కూడా రాశాడు. నూట పన్నెండో వరుసలో బడి దొరికింది.

నాలుగింటికి ఇంకా ఆరు నిమిషాలుంది. మెల్లగమ్మ ఫోన్ చేసింది. పక్కనే రంపం మిషను చెవులకు చిల్లులు పొడుస్తోంది. అవతలి మనిషి "వినబడట్లేదు, పెట్టేస్తున్నా" అన్నాడు.

"పెట్టేయకండీ!" అని అరిచింది. రంపం దగ్గరున్న మనిషి ఉలిక్కిపడి మిషను ఆపేశాడు. "రెండొందల నలభై బల్లలు! నీలం రంగు! మూలలు గుండ్రంగా! మీ ఆర్డరు ఖాయం!"

అయిదింటికి యజమాని గోడౌనుకు వచ్చాడు. మెల్లగమ్మ ఈసారి వినబడేలా చెప్పింది: "పెట్టెలు మళ్లీ విడదీశానండీ. ఇక రోజూ సాయంత్రం రిజిస్టరు హెడ్డాఫీసుకి వెళ్లాలి. మీరు ఒక్క చీటీ మీద సంతకం పెడితే, ఆ రోజు మెసేజీలు తాతయ్య తీసేస్తారు."

"చీటీ ఉంటే నాకేం అభ్యంతరం?" అన్నాడు తాతయ్య.

యజమాని నవ్వి మామయ్యకు ఫోన్ చేసి, ఇకమీదట ఈ అమ్మాయినే పంపమన్నాడు. తర్వాత మామయ్య ఆమెతో మాట్లాడాడు. "విన్నానే. రేపట్నుంచి నీ సంచి నీదే."

"థాంక్స్ మామయ్యా!"

"అబ్బ! చెవి దగ్గర ఎందుకే ఆ అరుపు?"

గేటు దగ్గర తాతయ్య చెవి వెనక పెన్సిలు తీసి, బయటికి వెళ్లే చీటీ రాసిచ్చాడు. మెల్లగమ్మ రెండుసార్లు చదువుకుంది: 'టెక్నీషియను - 1. సంచి - 1.'

లోపలికి వచ్చింది మేనకోడలు, బయటికి పోయేది టెక్నీషియను కావడంతో, ఆ లెక్క సరిపోయేదాకా ఆమెను ఇంకో అరగంట గేటు దగ్గరే కూర్చోబెట్టారు.